పరిచర్య ఆమెది, పదవి ఆయనది

2013 సెప్టెంబరు 30న నంద్యాల హోలీ క్రాస్ కెథెడ్రల్‌లో ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషేకం పొందారు. సీఎస్ఐగా అందరికీ తెలిసిన దక్షిణ ఇండియా సంఘానికి అప్పటి మాడరేటర్ జి. దేవకటాక్షం ఆ ఆరాధన జరిపించారు. కర్నూలు జిల్లా దిగువపాడులో పుట్టిన పుష్పలలిత 1980ల మొదట్లోనే గురుత్వాభిషేకం పొంది, పల్లె సంఘాల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చారు. సీఎస్ఐ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టింది. అరవై ఆరేళ్ల తర్వాత ఆ సంఘంలో బిషప్ కుర్చీ ఎక్కిన తొలి స్త్రీ ఈ రాయలసీమ ఆడబిడ్డ.

ఆ రోజుకు ఇంగ్లండ్ సంఘంలో స్త్రీ బిషప్ ఒక్కరు కూడా లేరు. అంతకు ముందు ఏడాది, 2012 నవంబరులో, స్త్రీలను బిషప్పులను చేసే తీర్మానం అక్కడి సంఘ పాలక సభ అయిన సినడ్‌లో, సామాన్య విశ్వాసుల సభలో ఆరు ఓట్లు తక్కువై వీగిపోయింది. మళ్లీ ఓటింగు పెట్టి, చట్టం మార్చి, లిబ్బీ లేన్‌ను యార్క్‌లో బిషప్‌గా అభిషేకించేసరికి 2015 జనవరి 26 వచ్చింది. మిషనరీలను పంపిన దేశం కంటే వాళ్లు వచ్చి చేరిన నంద్యాల దాదాపు పదహారు నెలలు ముందుందన్నమాట.

నంద్యాల వరకూ ఇందులో ఇంకో తమాషా ఉంది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు కలిసి ఒకే సంఘం అవుతుంటే ఒప్పుకోకుండా విడిగా నిలబడ్డవాళ్లలో నంద్యాల ఆంగ్లికన్లు ముఖ్యులు. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని గురువులను తమ గురువులుగా అంగీకరించడం వాళ్లకు మింగుడుపడలేదు. ఆ ప్రాంతం సీఎస్ఐలోకి వచ్చింది 1970ల్లోనే. పాత పద్ధతి కోసం అంత పట్టుబట్టిన అధ్యక్షఖండమే, మిగతా ఇరవై పైచిలుకు డయాసిస్‌ల కంటే ముందు ఒక స్త్రీని బిషప్‌గా చూసింది.

సీఎస్ఐలో స్త్రీలకు గురుత్వాభిషేకం 1970ల నుంచీ ఉంది. మరి గురువు స్థానం నుంచి బిషప్ స్థానానికి చేరడానికి ముప్పై ఏళ్లకు పైగా ఎందుకు పట్టింది? బిషప్ అంటే ప్రసంగాలు చేసి ఆశీర్వదించే మనిషి మాత్రమే అయితే ఇంత ఆలస్యం అయ్యేది కాదేమో. గురువుల బదిలీలు, బళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, పట్టణాల నడిబొడ్డున ఉన్న మిషన్ స్థలాలు అన్నీ బిషప్ అధ్యక్షత కిందికే వస్తాయి. డయాసిస్ కౌన్సిల్ ఓటింగు పెట్టి కొన్ని పేర్లను ఎంచుతుంది, అందులోంచి ఒకరిని సినడ్ నియమిస్తుంది. కౌన్సిల్‌లో ఓటున్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఆ ఎన్నికల తీరు తెలిసినవాళ్లకు వర్గాలు, బంధుత్వాలు, కులం లెక్కలు, కోర్టు కేసులు కొత్త కాదు. స్త్రీని బలిపీఠం దగ్గర నిలబెట్టడానికి వేదాంతం ఒప్పుకుంటే చాలు. ఆస్తుల మీద అధికారం చేతికివ్వడానికి రాజకీయం కూడా ఒప్పుకోవాలి.

తెలుగు క్రైస్తవ సంఘం చరిత్రను కొంచెం వెనక్కి తిప్పితే ఈ ఆలస్యం మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. ఈ సంఘం పుట్టుకలోనే ఆడవాళ్ల కష్టం ఉంది.

1854 కొత్త సంవత్సరం నాటి తెల్లవారుజామున ఒంగోలు ఊరి పక్క కొండ మీద ఐదుగురు ప్రార్థనకు కూడారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, క్రైస్తవ బోధకుడు నర్సు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఆలోచిస్తున్న రోజులవి. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఆ ఐదుగురూ మోకరించి అడిగారు. తర్వాత జాన్ క్లౌ రావడం, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం తెలుగు బాప్టిస్టులు తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ కథలో జ్యూయెట్, క్లౌ పేర్లు ప్రతి నోటా వినిపిస్తాయి. కొండ ఎక్కిన ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లన్న సంగతి మాత్రం ఎవరో అడిగితే గానీ గుర్తుకు రాదు.

జూలియాలాంటి వాళ్లు తర్వాతి కాలంలో వందల సంఖ్యలో తయారయ్యారు. వాళ్లను బైబిలు స్త్రీలు అనేవారు. 19వ శతాబ్దపు రెండో సగంలో గుంటూరు, నెల్లూరు, రాజమండ్రి, కాకినాడ ప్రాంతాల్లో ఏ మిషన్ పని చూసినా వీళ్లు లేకుండా సాగలేదు. కారణం తేలికే. పెద్ద కులాల ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాడి ఎదుటికి రారు. తెల్లదొర ఎంత తెలుగు నేర్చుకున్నా వీధి అరుగు దాటి లోపలికి పోలేడు. అక్కడికి వెళ్లగలిగింది ఆడమనిషే. అందులోనూ ఊరి యాస తెలిసిన, పిల్లల జబ్బుల గురించీ అత్తాకోడళ్ల తగాదాల గురించీ కూర్చుని మాట్లాడగలిగిన ఆడమనిషి. బైబిలు స్త్రీలలో విధవరాళ్లు, మొగుడు వదిలేసిన వాళ్లు చాలామంది ఉండేవారు. దళిత వాడల నుంచి వచ్చి చదువు నేర్చినవాళ్లూ ఉండేవారు. చంకలో సువార్త పుస్తకాల సంచీ పెట్టుకుని రోజూ కొన్ని ఇళ్లు తిరిగి అక్షరాలు నేర్పేవారు, పాటలు పాడించేవారు, కథలు చెప్పేవారు. ఎన్ని ఇళ్లకు వెళ్లారో, ఎవరు ఏం అడిగారో మిషనరీ దొరసానికి లెక్క అప్పజెప్పేవారు. జీతం అంతంత మాత్రం.

దళిత వాడలో పుట్టిన స్త్రీ అగ్రవర్ణ గృహిణికి చదువు చెప్పడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఒక పుస్తకమే వెలువరించారు. కులం, లింగభేదం, మతం మూడూ వీళ్ల బతుకుల్లో ఎలా పెనవేసుకున్నాయో ఆయన అందులో చర్చించారు. మిషన్ నివేదికల్లో వీళ్లు చాలాచోట్ల అంకెలుగానే మిగిలిపోయారు. ఈ ఏడాది ఇంతమంది బైబిలు స్త్రీలు, ఇన్ని ఇళ్లు అని ఉంటుంది గానీ పేర్లుండవు. ఒక ఇంటి ఇల్లాలు వీళ్ల మాట విని విశ్వాసంలోకి వచ్చిందనుకోండి. బాప్తిస్మం ఇవ్వడానికి అభిషేకం పొందిన అయ్యగారు రావాల్సిందే. ఏళ్ల తరబడి ఆ ఇంటి గడప తొక్కిన మనిషికి ఆ హక్కు లేదు.

మిషనరీ దొరసానుల పరిస్థితీ అప్పట్లో గొప్పగా ఏమీ లేదు. పెళ్లికాని స్త్రీలను విదేశాలకు పంపడానికి అమెరికా మిషన్ బోర్డులు తటపటాయిస్తుంటే, అక్కడి ఆడవాళ్లు సొంత సంఘాలు పెట్టుకుని, చిల్లర కూడబెట్టి మనుషులను పంపారు. అలా 1883లో గుంటూరు వచ్చినవారే లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్. వైద్యం చదివిన మనిషిని బోర్డు వైద్యానికి పంపలేదు, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పే పని అప్పగించింది. ఆమె మందుల పెట్టె కూడా వెంట తెచ్చుకుంది. గుంటూరు ఆడవాళ్లకు టీచరు కంటే డాక్టరు అవసరం ఎక్కువని బోర్డుకు త్వరలోనే తెలిసొచ్చింది. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె పేరుతో ఆ ఆసుపత్రి ఇప్పటికీ గుంటూరు వాళ్లకు తెలుసు.

కతోలిక సంఘంలోనూ ఇలాంటి స్త్రీలున్నారు. 1822లో గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ పెళ్లయి, ఐదుగురు కొడుకుల తల్లయి, భర్తను పోగొట్టుకున్నాక తమిళనాడులోని కీలచ్చేరిలో 1860ల్లో ఆడపిల్లల బడి పెట్టారు. అనాథలను, విధవరాళ్లను చేరదీశారు. ఆ పని నుంచే సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభ పుట్టింది. 1874లో ఆమె చనిపోయారు. విధవరాలు గదిలో మూల కూర్చోవాలని లోకం శాసించిన రోజుల్లో ఒక తెలుగు విధవరాలు సన్యాసినుల సభకు పునాది వేసింది.

20వ శతాబ్దంలో బి.వి. సుబ్బమ్మ ప్రత్యేకం. గుంటూరు జిల్లాలో హిందూ కుటుంబంలో పుట్టి, క్రైస్తవురాలై, లూథరన్ సంఘంలో స్త్రీల బైబిలు శిక్షణకు నాయకత్వం వహించారు. 1970లో ఇంగ్లిషులో వెలువడిన ఆమె పుస్తకం అప్పటి మిషన్ పద్ధతులనే ప్రశ్నించింది. క్రీస్తును నమ్మిన మనిషిని తన బంధువర్గం నుంచి, ఇంటి ఆచారాల నుంచి పెకిలించి తీసుకురావడం ఎందుకని ఆమె అడిగారు. అలాంటివాళ్ల కోసం ఆశ్రమాలు నడిపారు. ఈ వాదంతో అందరూ ఏకీభవించరు, ముఖ్యంగా దళిత క్రైస్తవ మేధావులు. కులాన్ని అలాగే ఉంచి సువార్త చెప్పడం ఏమిటన్న వాళ్ల అభ్యంతరంలో బలముంది. అయినా ఒక తెలుగు స్త్రీ మిషన్ సిద్ధాంతం మీద పుస్తకం రాసి ప్రపంచ వేదికల మీద వాదించిందంటే చిన్న విషయమా? ఆమె సొంత సంఘం, ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం, స్త్రీలకు గురుత్వాభిషేకం ఇవ్వడానికి మాత్రం ఆ శతాబ్దం ముగిసే దాకా ఆగింది.

ఇక లేఖనాల సంగతి. స్త్రీలు వేదిక ఎక్కకూడదనే వాళ్లు ముందుగా పట్టుకునేది అపొస్తలుడైన పౌలును. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో పురుషుడి మీద అధికారం చేసేలా ఉపదేశించకూడదని ఉంది. యేసు ఎంచుకున్న పన్నెండుమంది శిష్యులూ మగవాళ్లేనన్నది రెండో వాదం. ఈ వచనాలను అక్షరాలా పాటించాలనుకునే సంఘాలు తెలుగునాట తక్కువేం కాదు. బ్రదరన్ సంప్రదాయం నుంచి వచ్చిన కూటాల్లో స్త్రీలు వాక్యోపదేశం చేయరు. వాళ్లను మూర్ఖులని కొట్టిపారేయడం న్యాయం కాదు. లేఖనానికి లోబడాలన్న నిష్ఠతోనే చాలామంది ఆ మాట అంటారు.

కానీ ఆ పౌలే గలతీయులకు రాస్తూ క్రీస్తులో స్త్రీ పురుష భేదం లేదన్నాడు. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో పరిచర్య చేసే ఫీబేను పరిచయం చేశాడు, ప్రిస్కిల్లను ఆమె భర్త అకుల కంటే ముందు పేర్కొన్నాడు, అపొస్తలులలో పేరుపొందిన యూనీయకు వందనాలు చెప్పాడు. యూనీయ స్త్రీ అని నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసొస్తొము లాంటి పెద్ద వ్యాఖ్యాతే మెచ్చుకుంటూ రాశాడు. తర్వాతి శతాబ్దాల వ్యాఖ్యాతలు, స్త్రీ అపొస్తలురాలు కావడం ఏమిటనుకున్నారో ఏమో, ఆమెను మగవాడిని చేసేశారు.

మన ఆరాధనల్లో పమిట కొంగు తల మీదికి లాక్కోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ నియమం కొరింథీయుల మొదటి పత్రిక 11వ అధ్యాయం నుంచి వచ్చింది. అదే అధ్యాయంలో స్త్రీ ప్రార్థించడం, ప్రవచించడం మామూలు విషయంగానే పౌలు ప్రస్తావించాడు. ముసుగు దగ్గర పట్టుదల చూపే పెద్దలు ప్రవచనం దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. ఈస్టరు ఆదివారం సూర్యోదయ ఆరాధనలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది ఈ వింత. యేసు లేచాడన్న వార్తను మొదట మోసుకొచ్చింది మగ్దలేనే మరియ అని, శిష్యులు ఆ ఆడవాళ్ల మాటలను వెర్రి మాటలుగా కొట్టిపారేశారని ప్రసంగం సాగుతుంది. ఆ ప్రసంగం చేసే వేదిక మీద చాలా ఊళ్లలో ఒక్క స్త్రీ కూడా ఉండదు.

ప్రొటెస్టెంటు సంఘాల్లో స్త్రీల అభిషేకం కథ ఒక్కసారిగా నడవలేదు. 1853లో అమెరికాలో ఆంటోనెట్ బ్రౌన్ ఒక కాంగ్రిగేషనల్ సంఘానికి కాపరి అయింది. ఆంగ్లికన్లలో తొలి స్త్రీ గురువు మాత్రం యుద్ధకాలపు అవసరం కొద్దీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం హాంకాంగ్‌ను ఆక్రమించాక, శరణార్థులతో కిక్కిరిసిన మకావులో ప్రభువు భోజనం ఇవ్వడానికి గురువే దొరకలేదు. అక్కడ సంఘాన్ని చూసుకుంటున్న డీకనెస్ లీ టిమ్ ఓయ్‌ను బిషప్ రోనాల్డ్ హాల్ 1944 జనవరి 25న గురువుగా అభిషేకించాడు. యుద్ధం ముగిశాక ఇంగ్లండ్ పెద్దలు తప్పుపట్టారు. బిషప్‌కు ఇబ్బంది కలగకూడదని ఆమె 1946లో గురువుగా పనిచేసే అనుమతిని వదులుకుంది, అభిషేకాన్ని మాత్రం వదులుకోలేదు. చైనా సాంస్కృతిక విప్లవంలో రెడ్ గార్డులు ఆమె చేతనే ఆమె ఆరాధన వస్త్రాలను ముక్కలుగా కత్తిరింపజేశారు. చివరికి కెనడా చేరి, టొరంటోలో మళ్లీ గురువుగా సేవ చేసి 1992లో చనిపోయింది. రెండేళ్లకు, 1994 మార్చి 12న, బ్రిస్టల్ కెథెడ్రల్‌లో ఇంగ్లండ్ సంఘం తన మొదటి 32 మంది స్త్రీ గురువులను అభిషేకించింది.

రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) ఈ వరసలో వేరే దారి. దాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరైన కాథరిన్ బూత్ 1859లోనే స్త్రీల బోధను సమర్థిస్తూ చిన్న పుస్తకం రాసింది. ఆమె కూతురు ఎవాంజెలిన్ 1934లో ప్రపంచ రక్షణ సైన్యానికి జనరల్ అయింది. బాపట్ల, స్టూవర్టుపురం ప్రాంతాల్లో ఈ సైన్యం పని ఎరిగినవాళ్లకు భార్యాభర్తలిద్దరూ యూనిఫారం వేసుకుని, ఇద్దరూ అధికారి హోదాలో ఉండటం తెలిసే ఉంటుంది. ఆచరణలో ముఖ్యమైన పోస్టులు చాలాకాలం భర్తలకే దక్కాయన్నది వేరే సంగతి.

కతోలిక సంఘం దగ్గర తలుపు మూసే ఉంది. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదని పోప్ రెండవ జాన్ పాల్ 1994 మేలో తేల్చేశారు. పోప్ ఫ్రాన్సిస్ ఆ గీత దాటలేదు గానీ, దాని చుట్టుపక్కల చాలా కదిలించారు. 2021లో వాచక పఠనం, బలిపీఠ సేవ స్త్రీలకు అధికారికంగా తెరిచారు. 2023 సినడ్‌లో మొదటిసారి యాభైమందికి పైగా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక శాఖకు అధిపతి అయ్యారు, అదే ఏడాది మార్చిలో సిస్టర్ రఫాయెల్లా పెత్రీని వాటికన్ నగర పాలనా బాధ్యత చేపట్టారు. ప్రపంచంలో కతోలిక గురువులు సుమారు 4 లక్షలుంటే సిస్టర్లు 6 లక్షల దాకా ఉన్నారు. మన జిల్లాల్లో కాన్వెంటు బళ్లు, నర్సింగు కాలేజీలు, కుష్ఠురోగుల ఆశ్రమాలు నడిపేది ఎక్కువగా ఈ సిస్టర్లే. విచారణలో (పారిష్‌లో) చివరి మాట మాత్రం ఫాదరుదే.

గురుపట్టం దాకా పోనక్కర్లేదు, సాదాసీదా విషయాల్లోనే అసమానత ఎక్కువ. ఒక స్త్రీ గురువు పల్లె సంఘానికి బదిలీ మీద వచ్చిందనుకోండి. ఆదివారం ప్రసంగానికి పేచీ ఉండదు. పేచీ చావు దగ్గర వస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లడం ఆనవాయితీ కాదు. సమాధి కార్యక్రమం నడిపించడానికి పక్క ఊరి అయ్యగారిని పిలుద్దామని పెద్దలు గొణుగుతారు. నెలసరి రోజుల్లో ప్రభువు బల్లలో పాలుపొందకూడదన్న నమ్మకం కొన్ని ఇళ్లలో నేటికీ ఉంది. మరి గురువే స్త్రీ అయితే? పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడుతూ వచ్చి తన వస్త్రపు చెంగు ముట్టుకున్న స్త్రీని యేసు ఏమాత్రం కసరలేదని మార్కు సువార్తలో చదివిన సంఘమే ఈ పట్టింపు పెట్టుకోవడం చిత్రం. ఈ అభ్యంతరాల్లో బైబిలు పాలు ఎంత, ఊరి ఆచారం పాలు ఎంత అన్నది చూసుకుంటే రెండోదే ఎక్కువ.

కాపరి భార్య పరిస్థితి ఇంకో రకం. సంఘమంతా ఆమెను అమ్మగారు అంటుంది. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూటం ఆమెదే, పెళ్లిళ్లలో పాటలు, జబ్బు చేసిన ఇంటికి పరామర్శ, అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లకు అన్నం, అన్నీ ఆమెవే. జీతం ఆయనది ఒక్కటే. స్వతంత్ర సంఘాల్లో కొందరు అమ్మగార్లు భర్త కంటే బాగా వాక్యం చెప్పి పేరు తెచ్చుకున్నారు. అది ఆ కుటుంబం ఇష్టాన్ని బట్టి నడుస్తుంది గానీ సంఘ నియమావళి ఇచ్చిన హక్కుగా కాదు. ఆయన పోతే ఆమె మాట చెల్లుతుందన్న హామీ ఏమీ లేదు.

ఇళ్లిళ్లూ తిరిగి గుప్పెడు బియ్యం, చందాలు పోగుచేసి గుడి గోడలు లేపిన స్త్రీల మైత్రి సంఘాలు కోకొల్లలు. ఆ డబ్బుతో కట్టిన గుడిలో వాళ్లకు ఏడాదికోసారి స్త్రీల ఆదివారం ఇస్తారు. ఆ రోజు వాచకాలు, ప్రార్థనలు, ప్రసంగం ఆడవాళ్లవే. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం మరో సందర్భం. ఆ ఆరాధన క్రమాన్ని ఏటా ఒక దేశపు స్త్రీలు రాస్తారు. ఈ రెండు రోజులూ వాళ్లు చక్కగా నడిపిస్తారు. మిగతా ఆదివారాలు ఎందుకు నడపలేరో చెప్పిన పెద్దమనిషి లేడు. 2016లో ప్యూ పరిశోధన సంస్థ పలు దేశాల లెక్కలు కలిపి చూస్తే, క్రైస్తవ స్త్రీలలో 53 శాతం, పురుషులలో 46 శాతం వారం వారం ఆరాధనకు వెళ్తున్నారని తేలింది. మన గుళ్లలో ఆడవాళ్ల వైపు చాపలు ముందే నిండిపోవడం చూసినవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు.

చట్టం దగ్గరా ఇదే కథ. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే సరిపోయేది. భార్య విడాకులు కోరితే వ్యభిచారంతో పాటు క్రూరత్వం లాంటి మరో నేరం కూడా రుజువు చేయాల్సి వచ్చేది. స్వతంత్రం వచ్చి యాభై ఏళ్లు దాటాక, 2001లో గానీ ఆ తేడా పోలేదు. కేరళలో పాత ట్రావన్‌కోర్ చట్టం కింద క్రైస్తవ కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది వచ్చేది. మేరీ రాయ్ సుప్రీంకోర్టుకెళ్లి 1986లో దాన్ని కొట్టేయించింది. ఆ తీర్పును అక్కడి సంఘ పెద్దల్లో చాలామంది హర్షించలేదు. తెలుగు క్రైస్తవ ఆడపిల్లలకు వారసత్వ చట్టం కాగితం మీద సమాన వాటానే ఇస్తుంది. కట్నం ఇచ్చాం కదా అన్న మాటతో ఆ వాటా ఎన్ని ఇళ్లలో ఎగిరిపోతుందో పెళ్లి ప్రకటన చదివే గురువులకే బాగా తెలుసు.

నంద్యాల తర్వాత దారి పూర్తిగా తెరుచుకోలేదు, పూర్తిగా మూసుకోనూ లేదు. ఉత్తర భారత సంఘంలో ఒడిశాలోని ఫుల్బాని డయాసిస్‌కు వయొలెట్ నాయక్ బిషప్ అయ్యారు. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు మాత్రం 2023లో స్త్రీలను కాపరులుగా పెట్టుకుందని కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ లాంటి అతిపెద్ద సంఘాన్నే బయటికి పంపేశారు. 2025 అక్టోబరు 3న, ఒకప్పుడు నర్సుగా పనిచేసి ఇంగ్లండ్ ప్రధాన నర్సింగు అధికారి అయిన సారా ముల్లలీని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ప్రకటించారు. 597లో వచ్చిన అగస్టీన్ నుంచి లెక్కవేస్తే ఆమె 106వ వ్యక్తి, స్త్రీలలో మొదటి వ్యక్తి. సీఎస్ఐకి కూడా సభ్యత్వం ఉన్న ఆంగ్లికన్ కూటమికి ఆ పీఠమే పెద్దపీట. ఆఫ్రికాలోని సంప్రదాయవాద నాయకులు కొందరు ఈ ఎంపికను వెంటనే తప్పుపట్టారు.

కాంటర్‌బరీలో ఎవరు కూర్చోవాలన్నది మన చేతిలో లేదు. మన సంఘం కమిటీలో ఎవరు కూర్చోవాలన్నది మన ఓటే తేలుస్తుంది. ఈసారి మీ సంఘంలో జనరల్ బాడీ మీటింగు పెట్టినప్పుడు కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారో లెక్కపెట్టండి. ఉన్నవాళ్లకు చెక్కు మీద సంతకం చేసే బాధ్యత ఉందా, లేక స్త్రీల కూటానికి టీలు, టిఫిన్లు చూసుకునే బాధ్యతేనా అని లేచి అడగండి. స్త్రీల మైత్రి లెక్కలు పైసాతో సహా సరిచూసుకునే కోశాధికారిణి మీ గుడిలో ఉంటే, సంఘం కోశాధికారి పదవికి ఆమె పేరు ప్రతిపాదించండి.